నేల కింది ఊరి లెక్క

ముందుమాట

మన ఊళ్ళలో ఓవర్‌హెడ్ ట్యాంకును ఎప్పుడు కట్టారో తెలుసుకోవడం కష్టం కాదు. దాని కాళ్ళ దగ్గర శిలాఫలకం ఉంటుంది. ప్రారంభించినవారి పేరు, వేదిక మీద కూర్చున్నవారి పేర్లు, తేదీ అన్నీ చెక్కి ఉంటాయి. ఆ ట్యాంకును ఆఖరుసారి ఎప్పుడు కడిగారు, లోపలి ఇనుప నిచ్చెనను ఎప్పుడు మార్చారు, అవుట్‌లెట్ వాల్వును ఎన్నేళ్ళ కిందట విప్పి చూశారు అని అడిగితే మాత్రం ఫలకం చెప్పదు, ఆఫీసు బీరువా కూడా చెప్పదు. చెప్పగలిగిన మనిషి ఒకరుంటారు. ఏళ్ళ తరబడి ఆ వాల్వు తిప్పుతున్న నీరుగంటి. ఆయన రిటైరైన మర్నాటి నుంచి ఆ ట్యాంకు గురించి ఊరికి తెలిసేది ఫలకం మీద ఉన్నంతే.

ఆ నీరుగంటి తలలో ఉన్నదాన్ని ఊరందరి సొత్తుగా ఎలా మార్చుకోవాలో చెప్పే పుస్తకం ఇది. పైపులు, వాల్వులు, పంపులు, మురుగుకాలువలు, మ్యాన్‌హోళ్ళు, వీధిదీపాల స్తంభాలు, రోడ్లు, కల్వర్టులు, పార్కులు: పురపాలక సంఘం కొన్న రోజు నుంచి తుక్కు కింద వేలం వేసే రోజు దాకా ఒక్కొక్కదాని వివరాలు ఎవరు రాయాలి, ఎప్పుడు రాయాలి, రాసింది ఎవరు చూడాలి అన్నదే ఇందులో విషయం. తెలుగులో ఈ విషయం మీద కింది స్థాయి సిబ్బంది చదివి పని చేసుకోగల పుస్తకం నేను ఇంతకుముందు చూడలేదు.

గ్రంథకర్త్రి మా బళ్ళారి గాంధీనగర్ పిల్ల. నన్ను పెదనాన్నా అని పిలుస్తుంది. సివిల్ ఇంజినీరింగ్ చదివి, ఆంధ్ర-కర్ణాటక సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న ఊళ్ళలో నీటి సరఫరా పనులు చేసింది. నేను ప్రజారోగ్య ఇంజినీరింగ్ పనుల్లో జీవితం గడిపి, విశ్రాంతిగా ఉన్నవాణ్ణి. రాతప్రతి తెచ్చి నా చేతిలో పెట్టి, “పెదనాన్నా, ఆశీర్వచనం రాయొద్దు, మొత్తం చదివి రాయండి” అంది. మొత్తం చదివాను. మెచ్చుకోదగ్గవి ఎన్నో ఉన్నాయి, ఒకటి రెండు చోట్ల నాకు వేరే అభిప్రాయం ఉంది. రెండూ రాస్తాను.

ముందుగా బళ్ళారి చదువరికి బాగా తెలిసిన ఉదాహరణతో మొదలుపెడతాను. మా గాంధీనగర్ కుళాయిలో నీళ్ళకు మొదలు తుంగభద్ర డ్యాము. కాలువల్లో వచ్చి, అల్లీపుర, మోకా చెరువుల్లో నిలవ ఉండి, శుద్ధి జరిగి, ట్యాంకులెక్కి మా వీధుల్లోకి వస్తాయి. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యాము 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి, గేటు నీళ్ళలో కొట్టుకుపోయింది. డ్యాము నిండుగా ఉంది. బళ్ళారి, రాయచూరు, కొప్పళ, కర్నూలు, అనంతపురం జిల్లాల రైతులు ఆ వారం నిద్రపోలేదు. తెలుగువాడైన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో ఉక్కు పలకలు తయారుచేయించి, పారుతున్న నీళ్ళలోకే దించి, ఆగస్టు 16, 17 తేదీల నాటికి ఆ ఖాళీని మూశారు. పెద్ద వయసులో ఆయన ఆ వంతెన మీద నిలబడి పని చేయించిన తీరును మా వృత్తిలోవాళ్ళు ఎన్నటికీ మరచిపోరు. ఆ తర్వాత నిపుణుల సంఘం గేట్లన్నిటినీ మార్చాలని సిఫారసు చేసింది.

ఈ ఉదంతాన్ని గ్రంథకర్త్రి మొదటి అధ్యాయంలోనే తీసుకుంది, ఎవరినీ నిందించడానికి కాదు. ఒక గొలుసు గురించి మాట్లాడటానికి. గొలుసు లింకు ఒక్క రాత్రిలో అరగదు. ఏడాదికోసారి ప్రతి లింకు మందాన్నీ కొలిచి, అదే కాగితం మీద కిందటేడు కొలత పక్కన రాస్తే, ఏ లింకు ఎంత వేగంగా అరుగుతోందో కళ్ళకు కనబడుతుంది. ఒక్క కొలత వల్ల ఏమీ తెలియదు. రెండు కొలతల మధ్య తేడా మాట్లాడుతుంది. పదేళ్ళ కొలతలుంటే, ఈ లింకును ఫలానా ఏడాదిలోగా మార్చాలి అని నిబ్బరంగా చెప్పవచ్చు. ఈ మాట ఏ డ్యాము గొలుసుకైనా, ఏ పంపు బేరింగుకైనా ఒకటే.

అదే డ్యాముకు సంబంధించిన ఇంకో లెక్కనూ ఆమె చూపించింది. 1953లో నీళ్ళు నిలిపిననాడు జలాశయం సామర్థ్యం దాదాపు 133 టీఎంసీలు. పూడిక చేరుతూ వచ్చింది. అప్పుడప్పుడూ సర్వే చేసి కొలుస్తూ వచ్చారు. 2016 సర్వే తర్వాత లెక్కలోకి తీసుకుంటున్నది 105.788 టీఎంసీలు. పోయిన నీళ్ళ గురించి బాధపడటం వేరు, ఎన్ని పోయాయో తెలిసి పంటకూ తాగడానికీ పంచుకోవడం వేరు. కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ ఎన్ని విషయాల్లో వాదించుకున్నా, ఏటా పంపకానికి కూర్చునేటప్పుడు మాత్రం కొలిచిన అంకెనే ముందు పెట్టుకుంటున్నాయి. అది మంచి రికార్డుకున్న బలం. డ్యాములకు 2021లో భద్రతా చట్టం వచ్చింది. ప్రతి డ్యాముకూ లాగ్ బుక్ ఉండాలి, వర్షాలకు ముందూ వెనకా తనిఖీ చేయాలి అని కట్టడి చేసింది. ఊళ్ళో నెత్తి మీద లక్షల లీటర్లు మోస్తున్న ట్యాంకుకు అంత గట్టి కట్టుబాటు లేదు. ఉండి తీరాలని ఈ పుస్తకం అడుగుతోంది. నేనూ అడుగుతున్నాను.

ఇలా లెక్క రాసి కాపాడుకోవడం పరాయి దేశం నుంచి దిగుమతి చేసుకున్న విద్య అని అనుకునేవాళ్ళు కడప జిల్లా పోరుమామిళ్ళ వెళ్ళి రావాలి. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు తవ్వించిన చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. కట్ట పొడవు చెప్పారు, ఎంతమంది కూలీలు, ఎన్ని బండ్లు, ఎన్నేళ్ళు పట్టిందో చెప్పారు. ఆరు దోషాల్లో కట్ట నుంచి నీరు ఊరడం ఒకటి, చవుటి నేల ఒకటి, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం ఒకటి. సరిహద్దు జిల్లాలో బతికే మాకు ఆ చివరి దోషం ఎందుకు రాశారో ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. రాయలసీమ శాసనాల్లో కనబడే దశబంధం అనే ఏర్పాటు ఇంకా గొప్పది. చెరువు కట్టించినవారికీ, దాన్ని కాపాడేవారికీ ఆ చెరువు కింద భూమిలో ఒక వంతు మాన్యంగా ఇచ్చేవారు. చెరువు బాగుంటేనే ఆ మాన్యం పండుతుంది. కట్టడానికి డబ్బు ఇచ్చిన చేత్తోనే కాపాడటానికీ డబ్బు కేటాయించారు. ఇవాళ మన పథకాల్లో కట్టడానికి ఢిల్లీ నుంచీ రాష్ట్ర రాజధాని నుంచీ నిధులు వస్తాయి, నిర్వహణకు వచ్చేసరికి ఆ ఊరు తన తిప్పలు తాను పడాలి. ఈ పోలికను గ్రంథకర్త్రి రెండు పేజీల్లో ముగించింది. రెండో కూర్పులో ఒక అధ్యాయం చేయమని నా కోరిక.

పుస్తకానికి ప్రాణం నాలుగో అధ్యాయం. అక్కడ కొంచెం ఎక్కువసేపు నిలబడతాను.

మన ఇంజినీరింగ్ విభాగంలో రికార్డంతా పని చుట్టూ తిరుగుతుంది. ఎస్టిమేటు పనికి, టెండరు పనికి, ఎం.బుక్ (కొలతల పుస్తకం) పనికి, బిల్లు పనికి. “ఫలానా వార్డులో ఫలానావారి ఇంటి నుంచి ఫలానావారి ఇంటి వరకు పైపులైను వేయుట” అని రాస్తారు. పదేళ్ళకు ఆ ఇల్లు అమ్ముడుపోతుంది, పడగొట్టి అపార్ట్‌మెంటు కడతారు. ఈలోగా అదే వీధిలో వేరే పథకం కింద ఇంకో పైపు, మరో పథకం కింద మూడో పైపు పడతాయి. లీకు వచ్చి గొయ్యి తవ్వితే బయటపడ్డ పైపు ఎవరి కాలానిది, ఏ పని కింద వేసింది అన్నది ఏ ఎం.బుక్కూ చెప్పలేదు. ఎం.బుక్ పుట్టిందే డబ్బు చెల్లించడానికి. చెల్లింపు అయిపోగానే దానికి ఆ పైపుతో సంబంధం తెగిపోతుంది.

అకౌంట్స్ విభాగంలో ఇంకో పుస్తకం ఉంటుంది. 2004లో జాతీయ మున్సిపల్ అకౌంట్స్ మాన్యువల్ వచ్చింది. జంటపద్దు విధానంతో పాటు స్థిరాస్తులకు, చరాస్తులకు, భూములకు వేర్వేరు రిజిస్టర్లు పెట్టమంది. అందులో ఒక నియమం నాకు ఎంతో ఇష్టం. ఉచితంగా వచ్చిన ఆస్తినీ, ఖరీదు తెలియని ఆస్తినీ ఒక్క రూపాయి విలువకు రిజిస్టర్లో ఎక్కించమంది. ఎంత విలువో తరవాత చూద్దాం, ముందు అది ఉన్నదని ఒప్పుకోండి అని దాని భావం. తాతల నాటి పార్కు, దాత ఇచ్చిన భవనం, ఎప్పుడు తవ్వారో తెలియని బావి అన్నీ ఆ ఒక్క రూపాయి దారిలో లెక్కలోకి రావచ్చు. కానీ ఏమైంది? “పార్కు, రూ. 1” అని రాసి మూసేశారు. ఎక్కడుంది, హద్దులేమిటి, కంచె ఉందా, ఎవరైనా ఆక్రమించారా అన్న వరుసలు ఖాళీ. అకౌంటెంటు పార్కు చూడడు, ఇంజినీరు రిజిస్టరు చూడడు.

ఈ రెండు పుస్తకాలనూ కలిపే దారి ఈ అధ్యాయంలో ఉంది. పనికి కాదు, వస్తువుకు నంబరు ఇవ్వండి అంటుంది. ఒక వాల్వుకు ఒకే నంబరు. పటం మీదా అదే, వాల్వు ఛాంబరు మూత మీదా అదే, ఎం.బుక్ లోనూ అదే, అకౌంట్స్ రిజిస్టర్లోనూ అదే. పని వస్తుంది, పోతుంది. వస్తువు అక్కడే ఉంటుంది. ప్రతి మరమ్మతు ఆ వస్తువు ఖాతాలో పడాలి. ఈ మాట అనడం తేలిక, చేయించడం కష్టం. అందుకు ఆమె పెట్టిన షరతు ఒక్కటే: వస్తువు నంబరు లేని మరమ్మతు బిల్లు పాస్ కాకూడదు. పరిపాలనలో ఏళ్ళు గడిపినవాడిగా చెబుతున్నాను, ఈ ఒక్క షరతు పది సాఫ్ట్‌వేర్ల పెట్టు. రాయమని సర్క్యులరు పంపితే రాయరు, రాయకపోతే బిల్లు ఆగుతుందంటే ఆ సాయంత్రమే రాస్తారు.

చాలా ఊళ్ళలో సర్వేలు జరగలేదని కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ ద్వారా పురపాలక సంఘాలకు అకౌంట్స్ మాన్యువల్‌తో పాటు ఆస్తుల నిర్వహణకే ప్రత్యేకంగా ఒక మాన్యువల్ తయారైంది. కర్ణాటకలో నిర్మల నగర కార్యక్రమం కింద పట్టణాల్లో ఇళ్ళను జీఐఎస్ పటాల మీదికి ఎక్కించారు. అమృత్ పథకం 2015లో మొదలయ్యాక మాస్టర్ ప్లాన్లు కూడా జీఐఎస్ మీదే చేయాలన్నారు. అన్నీ మంచి పనులే. అయితే వరుస గమనించండి. పన్ను కట్టే ఇంటి లెక్క ముందు తేలింది, ఆ ఇంటికి నీళ్ళిచ్చే పైపు లెక్క వెనకబడింది. ఇంకో సంగతి, సర్వే అనేది ఒక రోజు ఫొటో. ఏజెన్సీ వస్తుంది, ఆరు నెలలు తిరుగుతుంది, పటం ఇస్తుంది, వెళ్ళిపోతుంది. మరుసటి వారమే ఒక వాల్వు మారుతుంది. పటంలో మారదు. రెండేళ్ళకు ఆ పటాన్ని ఎవరూ నమ్మరు, ఐదేళ్ళకు మళ్ళీ సర్వేకు టెండరు పిలుస్తారు. సేకరించడం కాదు, నిలబెట్టుకోవడం అసలు పని అని గ్రంథకర్త్రి పుస్తకమంతా మొత్తుకుంటోంది. నా అనుభవమూ అదే.

పని పూర్తయ్యాక కాంట్రాక్టరు ఇచ్చే పటం గురించి ఒక మాట. మా బళ్ళారిలో రెండు అడుగులు తవ్వితే కొన్ని చోట్ల బండ తగులుతుంది. ఊరి మధ్యే గుట్టలున్న ఊరు ఇది, నేల కింద కూడా ఆ రాయే. ఎస్టిమేటు గీతలో పైపు తిన్నగా, మీటరు లోతున పోతుంది. పనిలో బండ తగలగానే పైపు పక్కకు వంగుతుంది, లేదా పైకి లేస్తుంది. ఆ వంపు ఆ రోజు అక్కడ నిలబడ్డ మేస్త్రీకి, వర్క్ ఇన్‌స్పెక్టరుకు తెలుసు. బిల్లుతో పాటు వచ్చే పటంలో మాత్రం పాత గీతే, కింద కొత్త సంతకం. పైపు లోతు తక్కువున్న ఆ చోటనే రేపు ఇనుప ఖనిజం లారీ ఎక్కి దిగుతుంది, పైపు పగులుతుంది. గొయ్యి పూడ్చకముందే ఫోనుతో ఫొటో తీసి, రెండు స్థిరమైన గుర్తుల నుంచి టేపు పట్టి దూరం రాయాలని ఆమె పెట్టిన నియమానికి ఖర్చు లేదు, పది నిమిషాల ఓపిక చాలు.

ఈ పుస్తకం బల్ల దగ్గర కూర్చుని రాసింది కాదు. ఒక వేకువన గ్రంథకర్త్రి మా గాంధీనగర్‌లో నీళ్ళు వదిలే వేళకు నన్నూ వెంట తీసుకెళ్ళింది. ఛాంబరు మూత ఎత్తారు. బురద, ప్లాస్టిక్ కవర్లు, వాటి మధ్య స్లూయిజ్ వాల్వు తల. నీరుగంటి పొడవాటి ఇనుప కీ దించి తిప్పడం మొదలుపెట్టాడు, లోపల్లోపల లెక్క పెట్టుకుంటున్నాడు. ఇరవై ఆరు తిప్పులు తిరగాల్సిన వాల్వు పందొమ్మిదికే బిగుసుకుంది. “ఇది ఇంతేనమ్మా, ముందు నుంచీ ఇంతే” అన్నాడు. ఆ అమ్మాయి కాగితం మీద రాసుకుంది: పూర్తి తిప్పులు 26, తిరిగినవి 19, మూసే దిక్కు ఎడమ. మూసే దిక్కు కూడా ఎందుకమ్మా అని అడిగాను. ఒకే వీధిలో కుడికి తిప్పితే మూసుకునే వాల్వులూ ఉన్నాయి, ఎడమకు తిప్పితే మూసుకునేవీ ఉన్నాయి. రాత్రి పూట లీకు కట్టడానికి కొత్తగా వచ్చిన మనిషి బలం కొద్దీ తప్పు దిక్కుకు తిప్పితే స్పిండిల్ విరుగుతుందని చెప్పింది.

ఆ ఏడు తిప్పుల తక్కువ ఏం చేస్తుందో ఆరో అధ్యాయంలో చూపించింది. వాల్వు పూర్తిగా తెరుచుకోకపోతే చివరి ఇళ్ళకు ఒత్తిడి చాలదు. అక్కడివాళ్ళు కుళాయి పైపుకే మోటారు బిగిస్తారు. ఎండాకాలంలో వారానికోసారో అంతకంటే ఆలస్యంగానో నీళ్ళు వచ్చే ఊళ్ళో వాళ్ళను తప్పు పట్టలేం. నీళ్ళు ఆగిపోయాక కూడా మోటారు లాగుతుంది. ఖాళీ పైపు జాయింటు సందుల్లోంచి చుట్టూ ఉన్న తడిని పీలుస్తుంది. పక్కన మురుగుకాలువ ఉంటే ఆ తడి మురుగే. వాంతులు విరేచనాలతో పిల్లలు ఆసుపత్రికి చేరాక అందరూ క్లోరిన్ గురించి మాట్లాడతారు. ఆ వరుసలో మొదటిది ఒక వాల్వు, దాని మీద ఎవరూ రాయని ఒక అంకె. మా వృత్తిలో ఇంత దగ్గరి నుంచి కారణాన్ని పట్టుకుని రాసిన పేజీలు చాలా తక్కువ.

నేల గురించి రాసిన భాగం కూడా నాకు బాగా నచ్చింది. నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. అందులో పడుకున్న ఏ.సి. (ఆస్బెస్టాస్ సిమెంటు) పైపును ఏటా రెండుసార్లు విరిచినట్టే. కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ మాన్యువల్ ప్రకారం పంపులకు 15 ఏళ్ళు, పంపిణీ పైపులకు 30 ఏళ్ళు, డ్యాములకు 50 ఏళ్ళు లెక్కవేసి డిజైన్ చేస్తాం. ఆ అంకెలు డిజైనుకు పనికొస్తాయి. పైపు మార్చే నిర్ణయానికి అవి మాత్రమే చాలవు. ఎర్రనేలలో పడిన పైపు నలభై ఏళ్ళయినా చెక్కుచెదరకుండా ఉండవచ్చు, అదే రోజు అదే కంపెనీ పైపు రేగడిలో పదిహేనేళ్ళకే వరసగా పగలవచ్చు. ప్రతి పగులుకూ తేదీ, లోతు, పైపు రకం, నేల రంగు, కారణం ఐదే ఐదు ముక్కలు రాసిపెట్టుకుంటే, ఏ వంద మీటర్లు మార్చాలో ఆ కాగితాలే చెబుతాయి. లేకపోతే గట్టిగా అడిగిన వార్డుకు కొత్త పైపు, ఊరుకున్న వార్డుకు అతుకులు. పేదవాళ్ళుండే వీధులే ఎక్కువగా ఊరుకుంటాయి. రికార్డు వాళ్ళ తరఫున మాట్లాడుతుంది. ఈ పుస్తకం మీద నాకున్న గౌరవానికి ఇదే పెద్ద కారణం.

ప్రపంచంలో మిగతావాళ్ళు మనకంటే ఎంతో ముందున్నారని భయపడనక్కర్లేదు. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 2014లో నీటి వనరు మార్చాక పాత సీసపు పైపుల నుంచి విషం తాగునీటిలోకి దిగింది. ఏ ఇంటికి సీసపు పైపు ఉందో చూద్దామంటే ఆ సమాచారం వేలకు వేలు పాత అట్టకార్డుల మీద, పెన్సిలు రాతల్లో ఉంది. వాటిని విశ్వవిద్యాలయం వాళ్ళు కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించారు. తీరా తవ్వి చూస్తే కొన్ని కార్డుల్లో ఉన్నది వేరు, నేలలో ఉన్నది వేరు. అయినా ఆ కార్డులు లేకపోతే మొదలుపెట్టడానికే చోటు ఉండేది కాదు. ఆస్తుల నిర్వహణకు ఐఎస్ఓ 55000 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చిందే 2014లో. అదే ఏడాది అక్టోబరు 12న మన దగ్గర హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చింది. వీధిదీపాలు పోయాయి, ఆ వెంటనే సుమారు తొంభై వేల దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చారు. అంత పెద్ద మార్పిడికి మొదటి మెట్టు ఏ స్తంభం ఎక్కడుంది, దాని మీద ఏ దీపం ఉంది అని లెక్క తీయడమే.

మా సరిహద్దు జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 1953 అక్టోబరు 1 దాకా బళ్ళారి మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ రోజు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్ళాయి, బళ్ళారి మైసూరులో చేరింది. ఊరు మారలేదు, కాగితాలు మారాయి. పాత పటాలు ఇంగ్లీషులో, అడుగులూ అంగుళాల్లో ఉంటాయి. కొత్త రికార్డు కన్నడంలో, మీటర్లలో. గొయ్యిలో దిగి పని చేసే ఫిట్టర్లలో, నీరుగంట్లలో చాలామంది ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, రెంచీ చేతిలో ఉన్నప్పుడు రెండూ కలిపి మాట్లాడతారు. బళ్ళారి రాఘవ, ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు నడిచిన ఊరు ఇది, రెండు భాషలూ ఇక్కడ ఇంటివే. అందుకే ఫిట్టరు నోట వచ్చే పేరునే ఫారంలో వాడాలని గ్రంథకర్త్రి పట్టుబట్టింది. ఆఫీసు భాషలో ఫారం ఇస్తే గుమాస్తా నింపుతాడు, చూసిన మనిషి నింపడు. కన్నడ అనువాదం కూడా సిద్ధమవుతోందని విన్నాను, సంతోషం. ఆదోనిలోనూ బళ్ళారిలోనూ ఒకే ఫారం ఉంటే నష్టపోయేవారెవరూ లేరు.

ఇక నాకు తక్కువ అనిపించినవి.

తరుగుదల మీద అధ్యాయం చిన్నది. ఏటా ఇంత చొప్పున విలువ తగ్గిస్తూ పోతే ఒకనాటికి పంపు పుస్తకంలో శూన్యమవుతుంది, నీళ్ళు మాత్రం ఎత్తిపోస్తూనే ఉంటుంది. ఇంకో పంపు పుస్తకంలో కొత్తదే, షెడ్డులో పాడైపోయి ఉంటుంది. పుస్తకం విలువా వస్తువు స్థితీ రెండూ పక్కపక్కన రాయాలన్న మాట ఆమె చెప్పింది, కానీ మార్చడానికి కావలసిన డబ్బును ఏటా ఎలా పక్కన పెట్టాలో ఒక ఊరి బడ్జెట్ తీసుకుని లెక్క కట్టి చూపించి ఉంటే కమిషనర్లకు, కౌన్సిలర్లకు ఎక్కువ ఉపయోగపడేది. దశబంధం గురించి రాసిన మనిషికి ఇది చేతకాని పని కాదు.

రెండోది మ్యాన్‌హోళ్ళు. లోతు, వ్యాసం, మూత రకం రాయాలని చెప్పి ముందుకు వెళ్ళిపోయింది. నేనైతే అక్కడ పుస్తకం ఆపి మాట్లాడేవాణ్ణి. మురుగుగుంతల్లోకి రక్షణ సామగ్రి లేకుండా మనుషులను దించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. అయినా మనుషులు దిగుతున్నారు, ఊపిరాడక చనిపోతున్నారు. ఏ మ్యాన్‌హోల్ ఎంత లోతు, ఎక్కడ ఎప్పుడూ పూడుకుంటుంది, అక్కడికి జెట్టింగ్ మిషను లారీ వెళ్ళగలదా, సందు ఇరుకైతే చిన్న మిషను ఏది పనికొస్తుంది అన్న వివరాలు ముందే రాసి ఉంటే, అర్ధరాత్రి ఫిర్యాదు వచ్చినప్పుడు మిషను వెళుతుంది. లేకపోతే దగ్గర్లో దొరికిన మనిషి వెళతాడు. ఈ నాలుగు వరుసలు ఫారంలో తప్పనిసరి చేయాలని ఆమెతో వాదించాను. ఒప్పుకుంది. అచ్చులోకి వెళ్ళేలోపు చేరుస్తానని చెప్పింది. ఈ ముందుమాట రాసినందుకు నాకు దక్కిన ఫలం అదే అనుకుంటున్నాను.

కొత్త లేఅవుట్ల గురించిన అధ్యాయం క్లుప్తంగా ఉన్నా సరిపోతుంది. రోడ్లు, కాలువలు, పార్కు స్థలం పురపాలక సంఘానికి అప్పగించే రోజునే నంబర్లు, పటాలు తీసుకోకపోతే ఆ తర్వాత దొరకవు. అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు.

కౌన్సిలర్లకు ఒక విన్నపం. ఈ పుస్తకం ఇంజినీర్లదని పక్కన పెట్టకండి. మీ వార్డులో ఉన్న వాల్వుల జాబితా, వాటి స్థితి అడిగి తీసుకునే హక్కు మీకుంది. బడ్జెట్ సమావేశంలో కొత్త పనుల పట్టికతో పాటు ఉన్నవాటి పట్టిక కూడా పెట్టమని అడగండి. అడిగేవారుంటే ఆఫీసు రాస్తుంది. ఎమ్మెల్యేలకూ, అధికారులకూ ఇదే మాట. యువ ఇంజినీర్లకు వేరే చెప్పను, నాలుగో అధ్యాయం రెండుసార్లు చదవండి, ఆరోది చదివి ఒక వేకువన మీ నీరుగంటితో పాటు తిరగండి.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవారికి పుస్తకం చివర అనుబంధం ఉంది. ఊరంతా ఒక్కసారి చేయబోతే మధ్యలో ఆగిపోతుంది. ఒక ట్యాంకు, ఆ ట్యాంకు కింద ఉన్న వాల్వులు, అంతవరకే తీసుకోమంది. ఫారం ఒక కాగితానికి ఒక వైపే పడుతుంది, జిరాక్స్ తీసుకోవడానికి అందరికీ అనుమతి ఇచ్చింది. కాగితం మీద అలవాటైన తర్వాతే ఫోనులోకి, పటం మీదికి వెళ్ళమంది. ఈ వరుస సరైనది. రిటైరు కాబోతున్న సిబ్బంది ఉన్న వార్డులతో మొదలుపెట్టమని నేను దానికి చేరుస్తున్నాను. వాళ్ళకు ఒక మనిషిని తోడు ఇచ్చి, ఉద్యోగంలో మిగిలిన నెలల్లో రోజుకు రెండు ఛాంబర్లు చూపించమని అడగండి. వాళ్ళు సంతోషంగా చూపిస్తారు.

చిరంజీవికి నా ఆశీస్సులు. కన్నడ కూర్పు కూడా త్వరగా రావాలి.

గాంధీనగర్, బళ్ళారి